శాఖా గ్రంథాలయానికి ఊర్ల తోడు ఎట్ల కూడగట్టాలె

నర్సంపేట దిక్కు ఒక మండలంల శాఖా గ్రంథాలయానికి కొత్తగా లైబ్రేరియన్‌గా వచ్చిన చెల్లె అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. ఆమె రాసింది కుదించి చెప్తే ఇట్ల ఉంది: రెండు గదుల బిల్డింగు, పొద్దుగాల పేపర్ చదివే పెద్దమనుషులు కొందరు, మిగతా టైమంతా గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లలు, కథల పుస్తకాల బీరువా తెరిచెటోళ్ళే లేరు. హెడ్‌మాస్టర్ సార్‌ను కలిస్తే "చూద్దాం మేడం" అన్నడట, పంచాయతీ ఆఫీసుకు పోతే "ఫండ్స్ లేవమ్మా" అన్నరట. ఊరోళ్ళను కలుపుకొని లైబ్రరీని బాగుచెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె, ఎవలను కలవాలె, పైసలెట్ల అని అడిగింది.

చెల్లె, నేను ఉమ్మడి వరంగల్ జిల్లాల గ్రంథాలయాలల్ల చానా ఏండ్లు పనిచేసి రిటైరైన, కాబట్టి చూసింది చేసింది చెప్త. నువ్వు ఇద్దరి దగ్గరికి పోయినవ్, రెండు చోట్లా మా లైబ్రరీకి సాయం చెయ్యుర్రి అనే అడిగినవ్. వాళ్ళు చెడ్డోళ్ళేం కాదు, వాళ్ళ నెత్తిమీద ఇప్పటికే మస్తు పనులున్నయ్, నువ్వు ఇంకొకటి పెట్టవోయినవ్, అంతే. ప్రతి ఆఫీసుల, ప్రతి బడిల, ప్రతి సంఘంల వాళ్ళు చెయ్యక తప్పని పని ఒకటుంటది, దానికి పైనుంచి రిపోర్టు అడుగుతుంటరు, ఆ పని లైబ్రరీ వల్ల జర అల్కగ అయితదని చూపెట్టినవనుకో ఇగ వాళ్ళే ఫోన్ చేస్తరు. పొత్తు అంటే నాకు తెలిసినకాడికి ఇదే. మిగతాదంతా దీన్ని ఎవరితోని ఎట్ల చెయ్యాలె అనేదే.

అయితే ఎవలనన్న కలిసే ముందు ఒక పని చెయ్యి. విజిటర్స్ రిజిస్టర్, పుస్తకాలిచ్చే రిజిస్టర్ రెండూ ముందలేసుకొని కూసో, ఎవలొస్తున్నరో కాదు ఎవలు రావట్లేదో రాసుకో. ఆడోళ్ళ పేర్లు ఎన్నున్నయ్, పదేండ్ల లోపు పిల్లలవి ఎన్నున్నయ్, ఏ వాడ నుంచి ఒక్క పేరు కూడా లేదు. చాలా ఊర్లల్ల దళితవాడ పిల్లలు లైబ్రరీ గడప తొక్కరు, ఎవలూ వద్దనరు గానీ రమ్మని కూడా ఎవలూ అనరు, బిల్డింగు ఊరి నడుమ ఉంటది, ఆడికి పోవుడంటే వాళ్ళకు జంకు. ఇది రిజిస్టర్‌ల కనపడుతది, నువ్వు చూడాలె అంతే. తర్వాత సాయంత్రం పూట అంగన్‌వాడీ కాడ, మీసేవ కాడ, బస్టాండ్ల చాయ్ హోటల్ కాడ జరసేపు నిలబడి మాట్లాడు. "మీకు ఏం పుస్తకాలు కావాలె" అని అడగకు, అట్లడిగితే "మాకు చదివే టైమేడిది బిడ్డా" అనే మాటే వస్తది. "ఈ నడుమ ఏ కాయితం కోసం, ఏ ముచ్చట తెలుసుకునేదానికి ఎవలెవల చుట్టూ తిరిగిన్రు" అని అడుగు. దోస్త్ వెబ్‌సైట్‌ల డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టుడు, ఈ-పాస్ స్కాలర్‌షిప్పు, భూభారతి భూముల రికార్డుల పేరు తప్పు పడుడు, పింఛన్, పత్తికి ఏ మందు కొట్టాలె, ఇసొంటివే బయటికొస్తయ్. నీ లైబ్రరీ చెయ్యాల్సిన సేవల లిస్టు అదే, దాన్ని ఎవలో పెద్దాఫీసరు రాసియ్యాల్సిన పని లేదు.

ఇగ బడి ముచ్చట. ప్రైమరీ స్కూళ్ళల్ల 2022 ఆగస్టు 15 నుంచి తొలిమెట్టు అనే కార్యక్రమం నడుస్తున్నది, ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు కూడబలుక్కొని కాకుండా గడగడా చదవాలె, కూడికలు తీసివేతలు రావాలె అనేది దాని లెక్క. టీచర్ల తిప్పలేందంటే పాఠ్యపుస్తకం తప్ప ఇంకో చిన్న పుస్తకం పిల్లల చేతికి ఇయ్యనీకి సరిపోను ఉండవు, ఉన్నయి కూడా పిల్లల స్థాయికి తగ్గట్టు విడదీసి ఉండవు. నీ దగ్గర బీరువా నిండ ఉన్నయ్. నువ్వు చెయ్యాల్సింది, ఆ కథల పుస్తకాలు తీసి ఒక వాక్యం రెండు వాక్యాలున్నవి ఒక కుప్ప, పేరాలున్నవి ఒక కుప్ప, పెద్ద కథలున్నవి ఒక కుప్ప పెట్టి, ఒక్కో తరగతికి ఒక్కో పెట్టె కట్టి, సార్ దగ్గరికి పోయి "ఇగో సార్ మూడో తరగతి పిల్లలకు సరిపోయేటివి, నెల రోజులు మీ దగ్గర ఉంచుకోండ్రి, నెలకు మారుస్త" అను. "చూద్దాం" అనేటోళ్ళు కూడా పెట్టె ఎదురుంగ ఉంటే వద్దనరు. ముందు జిల్లా గ్రంథాలయ సంస్థ సెక్రటరీకి ఒక లెటర్ పెట్టి బడి పేరు మీద ఒక్కసారే ఎక్కువ పుస్తకాలు ఇచ్చేదానికి రాతపూర్వకంగ పర్మిషన్ తీసుకో, లేకుంటే రేపు ఆడిట్ల పోయిన పుస్తకం నీ జీతంల పడ్తదని నువ్వే భయపడి పెట్టె బయటికి పోనియ్యవు. పిల్లల పుస్తకాలు చినుగుతయ్, చినగాలె కూడా, అరిగిన పుస్తకాన్ని రైట్ ఆఫ్ చేసుడు, అంటే లెక్కలకెళ్ళి తీసేసుడు ఎట్లనో ఆ లెటర్లనే అడుగు.

పుస్తకాలు తక్కువ పడితే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచి నడుస్తున్నది, తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటయ్, ఓపెన్ లైసెన్స్ కాబట్టి రాసినోళ్ళ పేరు అట్లనే ఉంచి ప్రింట్ తీసుకోవచ్చు, ఎవల పర్మిషనూ అక్కర్లేదు. ఇంకోటి, మన దగ్గర కథ చెప్పెటోళ్ళు కరువైన్రా? జనగామ దిక్కు ఒగ్గు కథ ఉంది, చేర్యాల నకాశీ బొమ్మల పటాలున్నయ్, అప్పుడు చేర్యాల కూడా మన ఉమ్మడి జిల్లానే. పటం విప్పుకుంట కథ చెప్తే పిల్లలు కదలరు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎట్లాగూ జరపాలె గదా, అప్పుడు వ్యాసరచన పోటీ పెట్టి సర్టిఫికెట్లు పంచి ఫొటో దిగుడుకంటే ఊర్ల ఉన్న ఒక ఒగ్గు కళాకారుణ్ణి పిలిచి, ఆయనకు గౌరవంగ ఇయ్యాల్సింది ఇచ్చి, ఒక పొద్దుమీకి కథ చెప్పించు. ఆ కథ ఫోన్ల రికార్డు చేసి, ఆయన ఒప్పుకుంటేనే, లైబ్రరీల దాచు. అట్ల వచ్చిన అమ్మలు నాయినలు మెంబర్‌షిప్ ఫారం అడుగుతరు.

ఆడోళ్ళ గురించి జర ఎక్కువ చెప్త, ఎందుకంటే మన లైబ్రరీలు అన్నిటికంటే ఎక్కువ విడిచిపెట్టింది వాళ్ళనే. పొద్దున పేపర్ చదివే టైముకు వాళ్ళు వంటల ఉంటరు, పగలు పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు, ఉపాధి హామీ పని, సాయంత్రం మనం తెరిచే టైముకు మళ్ళ వంట. పైగా హాలు నిండ మొగ పోరగాళ్ళు. ఆమె ఎందుకొస్తది? అందుకే ఆమె ఇప్పటికే కూసున్న జాగకు నువ్వు పోవాలె. ప్రతి ఊర్ల మహిళా సంఘాలున్నయ్, వాటి పైన గ్రామైక్య సంఘం నెలకోసారి కూసుంటది, సంఘాల లీడర్లు వస్తరు, పొదుపు లెక్కలు, బ్యాంకు లోన్ల ముచ్చట నడుస్తది. ఆ మీటింగ్‌ల లెక్కలు రాసే బుక్ కీపర్, వేలిముద్ర వేసేటోళ్ళతోని సంతకం పెట్టియ్యాలని చూస్తుంటది. 2011 లెక్కల్ల తెలంగాణ అక్షరాస్యత 66.5 శాతం దగ్గర్నే ఉంది, ఆడోళ్ళది అంతకంటే తక్కువ, ఇప్పుడు కేంద్రం ఉల్లాస్ అని వయోజనులకు చదువు నేర్పే కార్యక్రమం నడిపిస్తున్నది. అంటే నేర్పాలని చూసెటోళ్ళున్నరు, నేర్చుకోవాల్సినోళ్ళున్నరు, కూసునే జాగ, పలకలు, పెద్దక్షరాల పుస్తకాలు నీ దగ్గరున్నయ్. మీ హాలు మధ్యాహ్నం మూసి ఉండే టైముల వాళ్ళకు ఇయ్యి. సంఘం మీటింగ్ మా హాల్ల పెట్టుకోండ్రి, ఫ్యానుంది, నీళ్ళున్నయ్ అంటే చాలు, గడప ఒకసారి తొక్కిన మనిషికి రెండోసారి జంకు ఉండది. కానీ పత్తి, మిర్చి ఏరే దినాలల్ల ఏ కొత్త కార్యక్రమం మొదలుపెట్టకు, ఎవలూ రారు, నీకూ మనసు విరుగుతది. చేన్ల పని తగ్గినంక మొదలుపెట్టు.

ఇంకో సంగతి నాకు ఎప్పటినుంచో మనసుల ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఆడోళ్ళు అరుగుల మీద కూసొని బీడీలు చేస్తరు, చేతులు తునికాకు మీద ఉంటయ్, చెవులు ఖాళీగ ఉంటయ్. క్యూబా దేశంల చుట్టలు చేసే కార్ఖానాలల్ల 1865 నుంచి ఒక పద్ధతి ఉండె, పనిచేసేటోళ్ళు తమ కూలిలకెళ్ళి తలా ఇన్ని పైసలేసుకొని ఒక మనిషిని పెట్టుకునేది, ఆయన ఎత్తు జాగల కూసొని పేపరు, నవల గట్టిగ చదివి వినిపిస్తుంటే వీళ్ళు పనిచేసుకుంట వినేది, ఏ పుస్తకం చదవాలెనో కూడా వాళ్ళే తీర్మానం చేసేది. మన అరుగుల మీద ఇది ఎందుకు కావద్దు? వారంల రెండు దినాలు ఒక చదువుకున్న పిల్ల పోయి గంటసేపు పేపరు చదివి, ఒక కథ చదివి వస్తే, అది లైబ్రరీ సేవనే, రిజిస్టర్‌ల రాసుకోదగ్గ సేవ. కరీంనగర్ దిక్కు పనిచేసే లైబ్రేరియన్లు ఇది చదివితే తప్పక చెయ్యాలని నా కోరిక.

మరి ఆ చదివే పిల్ల ఎక్కడిది అంటవు. నీ హాల్లనే ఉంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలతోని లైబ్రరీ నిండిపోయిందని చానా మంది లైబ్రేరియన్లు విసుక్కుంటరు, నాకు అది నచ్చదు. ఇంట్ల చదువుకునే జాగ లేక, సిటీల హాస్టల్ ఫీజు కట్టే తాహతు లేక వచ్చిన పిల్లలు వాళ్ళు, ఊర్ల అంత చదువుకున్నోళ్ళు అంతమంది ఒక్క జాగల ఇంకెక్కడా దొరకరు. వాళ్ళకు కుర్చీ, కరెంటు, పొడిగించిన టైము ఇయ్యి, వారంల రెండు గంటలు లైబ్రరీకి ఇయ్యమని అడుగు, ఒకలు ఫారాలు నింపిస్తరు, ఒకలు ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తరు, ఒకలు సంఘంల పేపరు చదువుతరు. పరీక్ష ముందు నెలల అడగకు. ఉద్యోగం వచ్చి పోయేటోళ్ళు పోతరు, కొత్తోళ్ళు వస్తరు, అందుకే ఎవరు ఏ పని చూస్తున్నరో ఒక కాయితం మీద రాసి గోడకు పెట్టు.

దీనికి తోడు డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటది. ఎన్ఎస్ఎస్ వాలంటీర్ ఏడాదికి 120 గంటలు, రెండేండ్లల్ల 240 గంటలు సేవ చెయ్యాలె, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు కూడా చెయ్యాలె. ప్రోగ్రాం ఆఫీసర్‌కు ఆ గంటలు ఎక్కడ చేయించాలె, ఎట్ల రుజువు చూపాలె అనేదే పెద్ద చింత, రోడ్లు ఊడిపించి మొక్కలు నాటిపిచ్చి ఎన్ని గంటలని చూపుతడు. నువ్వు పోయి "సార్, మా దగ్గర పుస్తకాలు సర్దుడు, లేబుళ్ళు అతికిచ్చుడు, పిల్లలకు చదివిపిచ్చుడు పని ఉంది, ఎవరు ఎన్ని గంటలు చేసిన్రో హాజరు పట్టిక నేను రాసి సంతకం పెట్టి ఇస్త" అంటే ఆయన కుర్చీలకెళ్ళి లేస్తడు. మొదట్ల నేను చెప్పిన మాట ఇదే, ఆయన పని నీ పనిల కలిసింది. క్యాటలాగు కంప్యూటర్‌ల ఎక్కించాలంటే కాకతీయ యూనివర్సిటీల లైబ్రరీ సైన్స్ చదివే పిల్లలకు ప్రాక్టికల్ అనుభవం కావాలె, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ లైబ్రరీలకు ఉంది, కోహా అనే సాఫ్ట్‌వేర్ అయితే ఎవలైనా ఫ్రీగా వాడుకోవచ్చు. డిపార్ట్‌మెంట్‌కు లెటర్ రాస్తే అడిగినందుకు పోయేదేం లేదు.

రైతుల విషయంల నీకు కష్టం తక్కువ. రాష్ట్రంల 2,601 రైతు వేదికలు కట్టిన్రు, కొన్ని ఊర్లు కలిపిన ప్రతి క్లస్టర్‌కు ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి ఉంటడు. మామునూరుల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వాళ్ళ పనే రైతుకు ముచ్చట చేరవేసుడు. 2021–22ల మిర్చికి నల్ల తామర పురుగు పడి మన దిక్కు రైతులు ఎట్ల ఆగమైన్రో యాదికుంది గదా, ఆ టైముల మందు షాపు చెప్పిందే వేదం అయింది. ఏఈవోతోని మాట్లాడి ఆ సీజన్‌కు సంబంధించిన కరపత్రాలు, పురుగుల ఫొటోలున్న చార్టులు తెచ్చి పేపర్ల టేబుల్ పక్కన్నే పెట్టు. పేపరు చదివే పెద్దమనుషులల్ల సగం మంది రైతులే.

కండ్లు కనపడని పిల్లలు మీ మండలంల ఉంటే సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016ల మొదలైంది, పుస్తకం చదవలేనోళ్ళు మెంబర్ అయ్యి వినే రూపంల, డిజిటల్ బ్రెయిలీ రూపంల పుస్తకాలు తీసుకోవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత సెంటర్ టీచర్‌ను అడిగితే అసొంటి పిల్లలు ఎవలున్నరో ఆమెకు ఎరుకే ఉంటది. ఒక్క పిల్లగాడున్నా చెయ్యి.

పైసల ముచ్చట. ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మన గ్రంథాలయ చట్టంల ఉంది. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. అంటే పంచాయతోళ్ళు నీకు "ఫండ్స్ లేవు" అన్నప్పుడు నువ్వు దానం అడగట్లేదు, జనం లైబ్రరీ కోసమనే కట్టిన పైసలున్నయ్, అవి చేరినయా లేదా అని మర్యాదగా అడిగే హక్కు ఉంది. అయితే అది నువ్వు ఒక్కదానివే కొట్లాడే పని కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థ సెక్రటరీ ద్వారా పోవాలె. నీ చేతిల ఉన్నది ఏందంటే లెక్కలు: ఈ నెల ఎన్ని పెట్టెలు బడికి పోయినయ్, ఎన్ని ఫారాలు నింపినం, సంఘం ఎన్నిసార్లు కూసుంది, ఇవి ప్రతి నెల ఒక్క పేజీల రాసి పైకి పంపుతుంటే రేపు కొత్త పుస్తకాల కోటా పంచేటప్పుడు నీ పేరు యాదికొస్తది. కలకత్తాల రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972 నుంచి ఉంది, రాష్ట్ర ప్రభుత్వం ద్వారా పుస్తకాలకు, ర్యాకులకు సాయం చేస్తది. భూపాలపల్లి, రామగుండం దిక్కున్నోళ్ళు సింగరేణి సీఎస్ఆర్‌కు, అంటే కంపెనీ సమాజ సేవకు పెట్టే పైసల కోసం కూడా రాయొచ్చు, కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభంల 2 శాతం ఇసొంటి పనులకు పెట్టాలె.

ఊర్లోళ్ళు ఇస్తమంటే నగదు నీ చేతికి తీసుకోకు, ఎంత మంచోళ్ళిచ్చినా సరే. కుర్చీలు, ఫ్యాను, ఇన్వర్టర్, ర్యాకు, ఇట్ల వస్తువు రూపంల తీసుకొని స్టాక్ రిజిస్టర్‌ల ఎక్కించి రసీదు ఇయ్యి. పుస్తకాలు దానం ఇచ్చేటోళ్ళకు ముందే చెప్పు, పనికొచ్చేటివే ఉంచుకుంటం, పాత సిలబస్ గైడ్లు తీసుకోమని. లేకుంటే ఇంట్ల బరువు దించుకునే జాగ అయితది లైబ్రరీ.

ఏ పొత్తయినా నోటి మాట మీద వదిలిపెట్టకు. పెద్ద ఎంఓయూ (ఒప్పంద పత్రం) అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు: హాలు ఏ రోజు ఏ టైముకు, తాళంచెవి ఎవరి దగ్గర, ఊడ్చుడు ఎవరు, ఏదన్న విరిగితే ఎవరు బాగుచేపిస్తరు, ఎప్పటిదాకా. హెడ్‌మాస్టర్ ట్రాన్స్‌ఫర్ అయినా, నువ్వు ట్రాన్స్‌ఫర్ అయినా ఆ కాయితం ఉంటే పని నడుస్తది. అందుల ఒక లైను తప్పక రాయి, ఏ పార్టీ ఫ్లెక్సీ లైబ్రరీ గోడకు, గేటుకు కట్టేది లేదని. సాయం చేసినాయన పేరు బోర్డు మీద రాయొచ్చు, దాంట్ల తప్పులేదు, కానీ రేపు ఎలక్షన్ల ముందు అది పార్టీ ఆఫీసు లెక్క కనపడితే అవతలి పార్టీ ఇండ్లోళ్ళ పిల్లలు రారు. ఇది మన ఊర్లల్ల నిజంగ జరిగే పని.

మన లైబ్రరీలు పుట్టిందే ఇట్ల నలుగురు కలిసి. 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904ల హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, ఇవి సర్కారు కట్టియ్యలేదు. నిజాం కాలంల తెలుగుకు జాగ లేని రోజులల్ల చదువుకున్నోళ్ళు, జమీందార్లు, వకీళ్ళు, మామూలు జనం తలో చెయ్యి వేసి నిలబెట్టిన్రు. హనుమకొండకు పోయినప్పుడు ఆ నిలయం చూసి రా, నీ ఊర్ల పెద్దోళ్ళతోని మాట్లాడేటప్పుడు ఈ ముచ్చట పనికొస్తది. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం, ఆ రోజు ఊర్ల రాసేటోళ్ళను పిలువు, ప్రతి మండలంల కవులున్నరు, వాళ్ళ పుస్తకాలు అచ్చయి ఇంట్ల అటకెక్కి ఉంటయ్, అవి నీ ర్యాకుల ఉండాలె. వరంగల్ సిటీల పనిచేసే లైబ్రేరియన్లకు ఇంకో దారుంది, 2022ల యునెస్కో వరంగల్‌ను లెర్నింగ్ సిటీల లిస్టుల చేర్చింది, కార్పొరేషన్‌కు లెటర్ రాసేటప్పుడు ఆ మాట మొదటి లైన్ల రాయుండ్రి, పెద్దోళ్ళకు చిన్నోళ్ళకు అందరికీ చదువు అందాలె అనేదే దాని ఉద్దేశం.

సేవ బాగుపడుతుందా లేదా అని ఎట్ల తెలుస్తది అంటే, కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టు. వచ్చినోళ్ళు అడిగి నువ్వు ఇయ్యలేకపోయిన ప్రతిదీ రాయి, పుస్తకం పేరు గానీ, సమాచారం గానీ, "బాత్రూం లేదా" అన్నా అదే రాయి. ఆడపిల్లలు బాత్రూం లేదని రెండు గంటలకంటే ఎక్కువ కూసోరు, ఇది ఎవలూ నోరు తెరిచి కంప్లయింట్ చెయ్యరు. మూడు నెలలకోసారి ఆ నోట్‌బుక్ తీసి, ఎక్కువసార్లు వచ్చినదాన్ని పట్టుకొని, దాన్ని ఎవలు తీర్చగలరో వాళ్ళ దగ్గరికి పో. నడవని కార్యక్రమం ఉంటే ఆపేయి, ఎవలూ రాని క్లాసును ఫొటో కోసం నడిపిస్తే వాలంటీర్లకు ఇసుగొస్తది.

ఒక్కసారే ఇవన్నీ మొదలుపెట్టకు. ఒక బడి, ఒక మహిళా సంఘం, ఈ రెండు ఏడాది నిలబడితే మిగతావి వాటంతటవే అడుగుతయ్. మూడో తరగతి పెట్టె ఈ వారంల కట్టు. గ్రామైక్య సంఘం మీటింగ్ ఏ తారీఖో అంగన్‌వాడీ టీచరమ్మను అడుగు, ఆ రోజు మెంబర్‌షిప్ ఫారాలు, పెద్దక్షరాల పుస్తకాలు నాలుగు సంచిల వేసుకొని పో, మీటింగ్ అయినంక మాట్లాడుతనని వాళ్ళ అధ్యక్షురాలికి ముందే చెప్పు. సెక్రటరీకి రాసే లెటర్ ఎట్ల ఉండాలెనో కావాలంటే అడుగు, నమూనా రాసి పెడ్త.